వెనక గోడ మీద గాజు పట్టీలు

దీపావళి వెళ్లిన తర్వాతి ఆదివారం పొద్దున, ముంబై కామాటిపురాలో మా చాళ్, అంటే ఒంటిగది ఇళ్ల పాత భవనం, వెనక గోడ దగ్గర ఉన్నవాళ్లు: నేను, మా తాత, పై అంతస్తు అత్త, మా తెలుగు సంఘం పెద్దాయన. ఉన్న వస్తువులు: నాగ్‌పాడా అద్దాల దుకాణంలో కోయించి తెచ్చిన నాలుగు గాజు పట్టీలు, ఒక్కోటి అడుగు పొడవు, అంగుళం వెడల్పు, రేకు డబ్బాలో కలిపిన సిమెంటు, తాత పాత తాపీ, తేదీ రాయడానికి ఒక మార్కర్ పెన్ను. గోడలో ఉన్నవి: నాలుగు బీటలు.

పని చాలా సులువు. బీటకు అడ్డంగా గాజు పట్టీ పెట్టి రెండు కొసలనూ సిమెంటుతో గోడకు పట్టించాలి. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. కొంచెం కదిలినా పగులుతుంది, ఎందుకంటే గాజు సాగదు. బీట ఎప్పుడో పడి ఆగిపోయిందా, ఇంకా తెరుచుకుంటూనే ఉందా అని తేల్చడానికి ఇంతకంటే చవకైన పద్ధతి నాకు తెలియదు.

"గింత గాజుముక్క చెప్తదా గోడ సంగతి?" అంది అత్త. "ఇంజినీరింగ్ చదివినవ్, మిషన్లు లేవారా?"

"మిషన్ కన్నా ఇదే నయం అత్తా. ఆరు నెలలు చూద్దాం."

"మా ఇంట్ల గాజు సామాను ఆరు నెలలు ఆగిందా ఎప్పుడన్నా? మీ మామను అడుగు."

తాత నవ్వలేదు. నేను సిమెంటు పెట్టిన తీరు చూస్తూ నిలబడ్డాడు. ఆయన యాభై ఏళ్లు ఈ ఊళ్లో మేస్త్రీ పని చేశాడు. ఆ వెనక గోడకు ఇప్పుడున్న గిలాబు, ఆ సిమెంటు పైపూత, ఆయన చేతిదే. "అంచులు గట్ల ఒదిలిపెడ్తవా?" అని ఒక్క మాట అన్నాడు.

ఇదంతా ఎందుకంటే, వానాకాలానికి ముందు ప్రతి ఏడూ మా మెట్ల దగ్గర ఒక నోటీసు అంటిస్తారు. భవనం ప్రమాదకరంగా ఉంది, ఖాళీ చేయండి, ఊరి చివర తాత్కాలిక గదులు ఇస్తాం అని. నేను పుట్టకముందు నుంచీ అంటిస్తున్నారు. భవనం నిలబడే ఉంది. కాబట్టి నోటీసును ఎవరూ చదవరు. పైగా తాత్కాలిక గదులకు వెళ్లినవాళ్లు మళ్లీ కామాటిపురాకు తిరిగొచ్చిన దాఖలాలు మాకు పెద్దగా కనబడలేదు. వెళ్లడమంటే ఈ గల్లీని వదులుకోవడమే అని మావాళ్ల లెక్క. అయితే ఆ ఏడాది కొత్త సంగతి ఒకటి వచ్చింది. మా వెనక సందులో పాత ఇళ్లు కూల్చి, టవర్ కోసం లోతుగా గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. ఆ తర్వాతే బీటలు కనబడ్డాయి. సంఘం పెద్దాయన, రిటైరైన బస్సు కండక్టర్, నన్ను గ్యాలరీలో పట్టుకుని అడిగాడు: "నోటీసు మాట వద్దు. మన పోరగానివి, నువ్వు చెప్పు. ఉండాల్నా, పోవాల్నా?"

నేను సివిల్ ఇంజినీరింగ్ చదివి రెండేళ్లు కాంక్రీటు పరీక్షల ల్యాబులో పని చేశాను. సిమెంటు దిమ్మలను మిషన్‌లో పెట్టి నలిపి, ఎంత బరువుకు పగిలాయో రాయడం నా పని. రిపోర్టు తీసుకున్న ప్రతివాడూ ఒకటే అడిగేవాడు: "అయితే బిల్డింగ్ పక్కా కదా?" దిమ్మ గురించి నాకు తెలుసు. బిల్డింగ్ గురించి ఏం తెలుసు? చివరికి ఉద్యోగం సగం రోజుకు తగ్గించుకుని, యూనివర్సిటీలో ఫిలాసఫీ ఎం.ఏ.లో చేరాను. తెలియడం అంటే ఏమిటి, తెలియాలంటే నిశ్చయం ఉండి తీరాలా, అన్నది నేను ఎంచుకున్న విషయం.

ఇంట్లో ఇది చెప్పిన రోజు అమ్మ అడిగిన ప్రశ్నలు రెండు. "దాంట్ల ప్లేస్‌మెంట్ ఉంటదా?" "లేకపోతే సగం జీతం మీద ఎన్ని రోజులు?" తాత అడిగింది ఒకటి. "తెలుసుడు అంటే ఏందో గూడ చదువుతరా బిడ్డా?"

"చదువుతారు తాతా. చాలా కష్టం అది. ఏదీ పక్కాగా తెలియదని కొందరు అంటారు."

"గా మాట బయట అనకు. ఉన్న ఉద్యోగం గూడ పోతది."

నేను మాత్రం బయట అన్నాను. మొదటి సెమిస్టర్‌లో నాకు ఆ ఉత్సాహం ఎక్కువ. నల్లా దగ్గర, మెట్ల మీద, అత్తతో, పెద్దాయనతో: ఇది గోడ అని నీకు ఎట్లా తెలుసు, కలలో లేవని ఎట్లా తెలుసు. అత్త నాకు 'తెల్వదు మాస్టర్' అని పేరు పెట్టింది. అది గల్లీ మొత్తం తిరిగింది.

క్లాసులో మాత్రం పని వేరేగా ఉండేది. మేడం మాకు మొదట ఇచ్చిన నిర్వచనంలో మూడు భాగాలున్నాయి. ఒక మాట నాకు తెలుసు అనాలంటే, అది నేను నమ్మాలి, అది నిజం కావాలి, దానికి నా దగ్గర సరైన ఆధారం ఉండాలి. నాకు ఇలాంటి నిర్వచనాలు ఇష్టం. మూడు గడులు, మూడింట్లో టిక్కులు. రెండో వారంలోనే ఆమె దాన్ని విరగ్గొట్టింది. మూడు గడులూ నిండినా తెలియడం కాని సందర్భాలు ఉంటాయి, అంటే ఆధారం తప్పుదైనా నమ్మకం అదృష్టంకొద్దీ నిజమయ్యే సందర్భాలు. ప్రతి ఒక్కరూ సొంత జీవితం నుంచి ఒకటి తీసుకురావాలంది. నేను రెండు నెలలు వెతికాను. పుస్తకాల్లోవి తప్ప నాకేమీ దొరకలేదు.

ఈలోగా గాజు పట్టీలు చూస్తూ వచ్చాను. నెలకోసారి, నాలుగూ. ఏదీ పగల్లేదు. ఫిబ్రవరిలో పెద్దాయన మళ్లీ అడిగాడు.

"కదలడం లేదు," అన్నాను.

"అనుకుంటున్నవా, తెలుసా? నీ చదువు గదే గదా."

నేను మూడు గడులూ సరిచూసుకున్నాను. నమ్ముతున్నాను. ఆధారం ఉంది. "తెలుసు," అన్నాను. ఆయన ఆ మాటను అన్ని ఖోలీల్లో చెప్పి వచ్చాడు. ఖోలీ అంటే మాకు ఇల్లే. ఒకే గది, దాంట్లోనే వంట, నిద్ర, స్నానం. కింది అంతస్తులో పాలమూరు నుంచి వచ్చిన కూలీలు ఒక ఖోలీలో ఆరుగురు ఉంటారు. వాళ్లు ఆ నెలాఖరుకు వేరే చోటు చూసుకుందామనుకున్నారట, నా మాట విని ఆగిపోయారు.

ఉగాది ముందు తాత గోడలకు సున్నం వేస్తాడు. ఎవరూ అడగరు, ఆయన వేస్తాడు. మా చాళ్‌లో మేస్త్రీలు ఇంకా ముగ్గురు ఉన్నారు, అందరిదీ ఇదే పద్ధతి: పండక్కి ముందు ఎక్కడ బీట కనబడినా పూడ్చి, సాపు చేసి, సున్నం కొట్టేస్తారు. కట్టడం పని చేసేవాళ్ల ఇళ్లలో బీట ఉంటే సిగ్గు. ఉగాది వెళ్లాక ఏప్రిల్‌లో నేను పట్టీలు చూడ్డానికి వెళ్లాను. నాలుగూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మొదటి అంతస్తు పట్టీ ముందు నిలబడి, ఈసారి సిమెంటు అంచులు చూశాను. నున్నగా, ఏటవాలుగా, వేలితో రాస్తే ఎక్కడా గరుకు లేదు. నాకు అంత పని రాదు. గాజు మీద తేదీ ఉంది కానీ, ఆ అంకెలు నా చేతిరాత కాదు.

తాత మధ్యాహ్నం అన్నం తింటున్నాడు.

"తాతా, గోడ మీద గాజులు మార్చినవా?"

"మార్చిన. పగిలినయ్."

"ఎప్పుడు?"

"సంక్రాంతి దాటినంక ఒకటి. తర్వాత ఇంకో రెండు. ఇంటికి పగిలిన గాజు పెట్టుకోవద్దు. నువ్వు పెట్టినదానికన్నా మంచిగనే పెట్టిన, చూసినవా?"

"ఎట్లా పగిలినయ్?"

"పగిలినయ్ అంటే పగిలినయ్. ఒకటి మటుకు పోరగాండ్ల బాల్ తగిలి."

"మిగతా రెండు?"

ఆయన మజ్జిగ పోసుకున్నాడు. "నాకు యాదికి లేదు," అన్నాడు.

ఆ సాయంత్రం నేను ముంబై సెంట్రల్ నుంచి రైలు ఎక్కి, నిలబడే, దీన్ని విడదీసుకున్నాను. బంతి తగిలి పగిలిన పట్టీ దగ్గర బీట బహుశా కదలలేదు. అక్కడ నా నమ్మకం నిజమే, కానీ నేను చూసిన గాజు వేరేది. క్లాసుకు కావాల్సిన ఉదాహరణ అదే, మా గోడ మీదే ఉంది. మిగతా రెండు చోట్ల సంగతి ఇంకా సాదాది. అక్కడ గోడ కదిలి ఉంటే, నేను 'తెలుసు' అన్నది అబద్ధపు మాట. మంచి ఆధారంతో, శ్రద్ధగా, తప్పు నమ్మాను. ఆ తప్పు మాట మీద ఆరుగురు కూలీలు, పైన అత్త, ఇంకా ఎందరో నిద్రపోతున్నారు. ఎంత ఆలోచించినా మొదటిది నాకు ఆసక్తిగా, రెండోది బరువుగా ఉన్నాయి. ఆసక్తిగా ఉన్నదాని మీద పేపర్ రాయొచ్చు, బరువుగా ఉన్నదాని మీద పని చేయాలి.

మేడంకు మొత్తం చెప్పాను. ఆమె ఉదాహరణను పక్కన పెట్టింది.

"రెండు పట్టీలు ఎందుకు పగిలాయో ఇప్పుడు నీకు తెలియదు," అంది. "తెలుసుకోవడానికి ఏం కావాలి?"

"మళ్లీ పట్టీలు పెట్టాలి. కొన్ని వారాలు కావాలి. అయినా నూటికి నూరుపాళ్లు తేలదు."

"నూటికి నూరుపాళ్లు ఎవరు అడిగారు?"

"చాళ్‌లో అందరూ అడుగుతారు. గ్యారంటీ అంటారు."

"మరి నువ్వు సంవత్సరం నుంచి ఏం చదువుతున్నావు? తెలియడానికి గ్యారంటీ కావాలా, వద్దా? థీసిస్‌లో వద్దని రాశావు. పద్దెనిమిది పేజీలు రాశావు."

"రాశాను."

"అది వాళ్లకు చెప్పలేకపోతే నాకు కూడా ఇవ్వకు," అంది. కోపంగా కాదు, హాజరు తీసుకున్నంత మామూలుగా.

మర్నాడే మళ్లీ పట్టీలు కోయించాను, ఆరు. ఈసారి ముందు గోడకు కూడా రెండు పెట్టాను, రోడ్డు అదురుకు పగులుతున్నాయేమో తేల్చడానికి. ప్రతి అంతస్తులో తిరిగి చెప్పాను: గాజు పగిలితే ముట్టుకోవద్దు, ఊడ్వొద్దు, నన్ను పిలవాలి. తాతకు విడిగా చెప్పాను. ఆయన "ఇంటి గోడ మీద పగిలిన గాజు, ఏం చదువో" అన్నాడు, కానీ ముట్టుకోలేదు. మే నెల మధ్యలో మొదటి అంతస్తు పట్టీ పగిలింది. నాలుగు రోజులకు రెండో అంతస్తుది. రెండూ సరిగ్గా బీట మీదే, నిలువుగా. ముక్కలు రెండూ గోడకు అంటుకునే ఉన్నాయి, వాటి మధ్య ఎడం ఉంది. నా రైలు పాసు ఆ ఎడంలో దూరింది. ముందు గోడ పట్టీలు పగల్లేదు.

ఆ ఆదివారం సంఘం ఖోలీలో మీటింగ్ పెట్టించాను. నేను అడిగింది ఒక్కటే: వానలకు ముందు అందరూ ఖాళీ చేయాలి.

పెద్దాయన ముందుగా నన్నే నిలదీశాడు. "ఫిబ్రవరిల తెలుసు అన్నవ్, కదలట్లేదు అన్నవ్. ఇప్పుడు తెలుసు అంటున్నవ్, కదుల్తుంది అంటున్నవ్. ఏది తెలుసు?"

"ఫిబ్రవరిలో నాకు తెలియలేదు. తెలుసు అనుకున్నా."

"ఇప్పుడు గూడ అనుకుంటనే ఉండొచ్చు గదా?"

"ఉండొచ్చు."

అందరూ నవ్వారు. అత్త లేచింది. "తెల్వదు మాస్టర్, నేనడుగుత. పట్టీకి ఎవలన్నా చెయ్యి తగిలియ్యొచ్చు గదా?"

"చెయ్యి తగిలితే ముక్కలు రాలతాయి అత్తా. ఎడంగా జరగవు. గోడ జరిగితేనే అట్లా జరుగుతాయి."

"అంటే నూటికి నూరు?"

"కాదు."

"మరి నూటికి నూరు కాకుంటే తెలుసు అని ఎట్ల అంటవ్?"

నాకు ఒక ఉదాహరణ తట్టింది. క్లాసులో ఇలాంటివి బాగా పని చేస్తాయి. "అత్తా, నీ ఖోలీకి తాళం వేసి వచ్చినవా?"

"ఏసిన."

"తెలుసా?"

"నేనే ఏసిన గదరా."

"నువ్వు ఇటు వచ్చినంక ఎవరైనా పగలగొట్టి ఉండొచ్చు కదా? నూటికి నూరు చెప్పగలవా? చెప్పలేవు. అయినా నీకు తెలుసు."

అత్త ఒక్క క్షణం నన్ను చూసింది. చీర కొంగు బిగించి, బయటికి పోయింది. చెప్పుల చప్పుడు మెట్ల మీద పైదాకా వినబడింది.

"శభాష్," అన్నాడు పెద్దాయన. "బిల్డింగ్ ఖాళీ గాలేదు గానీ మీటింగ్ ఖాళీ చేస్తున్నవ్."

అత్త వచ్చి కూర్చుంది. "ఉంది తాళం," అంది. "కానీ చూసొచ్చినంకనే పానం నెమ్మదైంది." నా ఉదాహరణ నా మీదికే తిరిగింది. అయినా కూర్చోలేదు. ఇంకోలా చెప్పాను: "నువ్వు తాళం చూసి రావొచ్చు అత్తా, మెట్లు ఎక్కితే చాలు. గోడ సంగతి అట్లా చూసి రావడం కుదరదు. చూసి వచ్చేదాకా ఆగుతామంటే పడేదాకా ఆగినట్టే. నా దగ్గర ఇంతే ఉంది: పగిలిన రెండు, వాటి మధ్య ఎడం, పగలని ముందు గోడ పట్టీలు, వెనక గొయ్యి. ఇది చాలు. నాకు తెలుసు. రేపు నేను తప్పని తేలితే మీరు నన్ను ఏమన్నా పడతా."

"తప్పని తేలితే మేం ఊరి చివర ఉంటం, నువ్వు ఫిలాసఫీల ఉంటవ్," అన్నాడు ఎవరో వెనకనుంచి.

పాలమూరు కూలీల్లో పెద్దవాడు అడిగాడు: "మాకైతే ఆ గదులు గూడ రావు అన్నా. కిరాయిదార్లం. అయినా పొమ్మంటవా?"

"పొమ్మంటున్నా."

అప్పుడు తాత గొంతు సవరించుకున్నాడు. ఆయన మీటింగుల్లో మాట్లాడడు. గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

"బాల్ తగిలి పగిలింది ఒకటే," అన్నాడు. "మిగతా రెండు వాటంతట అవే పగిలినయ్. ముక్కలు ఎడంగ ఉండె. తాపీ కొస పెట్టి చూసిన, దూరింది."

పెద్దాయన ఆయన వైపు తిరిగాడు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు మేస్త్రీ?"

"చెప్తే పొమ్మంటరు గదా. ఇడిసిపెట్టి పోతే మళ్ల రాం. నాకెరికే." ఆనుకున్న గోడను అరచేత్తో తడిమాడు. "గా గిలాబు నాది. బీట పడితే నా పని చెడిపోయింది అంటరనుకున్న. గిలాబుది గాదు తప్పు, కింద మట్టిది. పోరడు చెప్పేది నిజం. నేను పోత."

తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు: బడులు, పనులు, రైలు దూరం, తిరిగి రావడానికి రాసిచ్చే హామీ. అత్త నా మీద అరిచింది, తాత మీద ఇంకా గట్టిగా అరిచింది. ఇన్నాళ్లూ తెలిసి మాట్లాడని ముసలాయన, తెలియకుండా మాట్లాడిన మనవడు, ఇద్దరికీ ఒకే ఇల్లు సరిపోయిందంది. అది న్యాయమే అనిపించి నేను ఎదురు చెప్పలేదు.

ఆ రాత్రి నుంచి కాదు, మర్నాడు పొద్దున నుంచి ఖోలీ ఖోలీకి తిరిగాను. ప్రతి ఇంట్లో అదే మాట అదే వరుసలో చెప్పాను. పక్కా అనలేదు. గ్యారంటీ అనలేదు. తెలుసు అన్నాను. కొందరు వినకుండానే టీ ఇచ్చి పంపారు. కొందరు నా రైలు పాసు తీసుకుని, వెనక గోడ దగ్గరికి పోయి, వాళ్లే దూర్చి చూసుకున్నారు. పాలమూరు వాళ్లు మొదటి వారంలోనే వర్లీలో ఒక చాళ్‌కు మారారు. మేము ఆ తర్వాత ఊరి చివర తాత్కాలిక గదికి మారాము. తాత తాపీ తనే మోశాడు. థీసిస్ నేను అక్కడి గదిలో నేల మీద కూర్చుని పూర్తి చేశాను, నిశ్చయం లేని జ్ఞానం గురించిన అధ్యాయం మళ్లీ మొదటి నుంచి రాశాను. గల్లీకి మాత్రం వారానికి రెండుసార్లు వెళ్తూనే ఉన్నాను, మిగిలినవాళ్లతో మాట్లాడటానికి.

మొదటి వాన పడిన రోజుకు పద్దెనిమిది ఖోలీల్లో పదమూడు ఖాళీ అయ్యాయి. మిగిలినవి అయిదు.